ఒకే ప్లేటు మీద రెండు చేతులు

1914లో పెద్ద యుద్ధం మొదలవడానికి రెండేళ్ళ ముందు, జూన్ నెలలో, నన్ను పుదుచ్చేరి ప్రభుత్వ ఆసుపత్రిలో శస్త్రచికిత్స వార్డు నుంచి ఎక్స్‌రే గదికి మార్చారు. అప్పటికి నా హోదా రెండో తరగతి ఇన్‌ఫిర్మియే. అంటే కట్లు కట్టేవాడు, రోగుల్ని ఎత్తి దించేవాడు, అవసరమైతే డాక్టరుకూ రోగికీ మధ్య మాట చేరవేసేవాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఫ్రెంచి నేర్చుకున్నాను కనుక ఆ మూడో పనికే నన్ను ఎక్కువగా పిలిచేవారు. నా పేరు రంగయ్య. ఫ్రెంచివాళ్ళ నోట 'ర' గొంతులోనే ఉండిపోతుంది. అందుచేత ఉద్యోగమంతా హంగయ్యగానే చేశాను.

గదికి అధికారి సైనిక వైద్యుడు, మేజరు హోదా గలవాడు. అందరం మేజరు గారు అనేవాళ్ళం. ఆయన ఒక పరిశోధన చేస్తున్నారు. వేడి దేశాల్లో విరిగిన ఎముకలు ఫ్రాన్సులో కంటే త్వరగా అతుకుతాయని ఆయన నమ్మకం. దాన్ని రుజువు చేయడానికి ఎముక విరిగిన ప్రతి రోగికీ చేరిన రోజున ఒకటి, తర్వాత పదిహేను రోజులకొకటి చొప్పున ప్లేట్లు తీయించేవారు.

ప్లేటు అంటే మందు పూసిన గాజు పలక. దాని మీద రోగి చెయ్యో కాలో ఉంచి, పైనున్న గాజు గొట్టం నుంచి కిరణాలు పంపేవాళ్ళం. కిరణాలను ఎముక ఆపుతుంది కనుక ఆ చోటు తెల్లగా ఉంటుంది. ఆపలేని చోటు నల్లబడుతుంది. ఆ తర్వాత ఎర్రదీపం గదిలో మందునీళ్ళలో కడగాలి. కడగడం నా పని. పుదుచ్చేరి ఎండలో నీళ్ళు వెచ్చబడితే పలక మీది పూత జారి తొట్టిలో పడుతుంది. అందుకని తెల్లవారగానే, కుండలో చల్లబడిన నీళ్ళతో కడిగేవాణ్ణి. ప్లేట్లు ఓడలో రావాలి. మేజరు గారి సంతకం లేకుండా ఒక్కటి కూడా పెట్టెలోంచి తీయకూడదు.

ఫలితాలు ఒక పెద్ద పుస్తకంలో రాసేవాళ్ళం. చివరి గడి పేరు 'అతుకు'. ఎన్ని రోజులకు ఎముక అతికిందో అందులో వేయాలి. మిల్లు కూలీల చేతులూ కాళ్ళూ మేజరు గారికి నచ్చే అంకెలే ఇచ్చాయి. తుంటి విరిగిన ముసలివాళ్ళు ఇద్దరు మాత్రం ఇవ్వలేదు. పద్ధతి ప్రకారం వాళ్ళ కాలికి తాడు కట్టి, కప్పీ మీదుగా ఇసుకసంచి వేలాడదీసి, కదలకుండా పడుకోబెట్టాం. నెల తిరక్కుండానే ఇద్దరికీ ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి పోయారు. మేజరు గారు చెప్పగా చివరి గడిలో 'అతుకు అసంపూర్తి' అని నేనే రాశాను.

ఆగస్టులో ఆదెమ్మ వచ్చింది. ఊళ్ళోనే ఉప్పళం పేటలో ఇళ్ళకు పిండి దంచే మనిషి, భర్త లేడు. వయసెంత అని అడిగితే గాలివాన వచ్చిన ఏడు పెళ్ళయిందని చెప్పింది. ఏ గాలివానో చెప్పలేదు. మేజరు గారు అరవై అయిదు అని రాయించారు. ఆమె ఎత్తు నుంచి పడలేదు. చేట పట్టుకుని గడప దాటుతూ కాలు జారి కూలబడింది. అంతమాత్రానికే ఎడమ తుంటి విరిగింది. కూతురు నాగమ్మ, ఇరుగుపొరుగు వాళ్ళు మంచంతో సహా మోసుకొచ్చారు.

ప్లేటు తీశాం. కడిగి చూస్తే ఎముక తెల్లగా లేదు, బూడిదరంగులో ఉంది. విరిగిన చోటు కనబడుతోంది గాని, చుట్టూ ఉన్న ఎముక పాతగుడ్డలా వెలిసిపోయి ఉంది. మేజరు గారు నా వైపు చూశారు. మందునీళ్ళు సరిగా కలపలేదన్నారు. మర్నాడు రెండోది తీశాం. అదీ అంతే. ఇలాగే ఉంటే నన్ను వార్డుకు పంపి ఇంకొకర్ని తెచ్చుకుంటానన్నారు. అదే పెట్టెలోని ప్లేటు మీద ఒక మిల్లు కూలీ ముంజేయి సున్నం వేసినట్టు తెల్లగా వచ్చింది. దాన్నీ అదే పొద్దున, అదే తొట్టిలో కడిగాను. ఆ సంగతి విన్నవించాను. ఆయన వినలేదు.

ఈలోగా నాగమ్మ నన్ను వరండాలో పట్టుకుంది.

"అన్నా, మాయమ్మని నెలన్నర ఇట్నే కట్టేసి పండబెడితే లేస్తాదా? ముందు ఇద్దరు యాడికి పోయినారో మా వీధికంతా తెలుసు. శుక్రారం దాకా చూస్తా. ఆమీద ఇంటికి తీసకపోతా. దొరకి చెప్పు."

చెప్పాను. అతకని ఎముకతో లేపితే కాలు పనికిరాకుండా పోతుందని మేజరు గారి జవాబు. అదీ చెప్పాను. రెండు వైపులా ఉన్నదున్నట్టు చెప్పాను గనుక రెండు వైపులా నా మీదే కోపం వచ్చింది.

బుధవారం పొద్దున మూడో ప్లేటు మేజరు గారు స్వయంగా తీశారు. యంత్రం ఆపి, ఫలహారానికి వెళ్ళారు. ఆదెమ్మ ఇంకా బల్ల మీదే ఉంది. నేను పెట్టెలోంచి సంతకం లేకుండా ఒక చిన్న ప్లేటు తీశాను. ఆమె ఎముకల మీద ఆసక్తితో చేసిన పని కాదు. నా కడుగుడులో తప్పు లేదని చూపించుకోవాలని చేశాను.

"అవ్వా, నీ చెయ్యి దీనిమింద పెట్టు. పక్కన నా చెయ్యి పెడతా."

"ఏంది నాయనా ఇది? ఇరిగింది కాలు గదా. చెయ్యి రొంబ బాగుండాది."

"బాగుండాదో లేదో చూస్తాం. కదపాకు."

ఆమె కుడిచెయ్యి, నా ఎడమచెయ్యి పక్కపక్కన ఉంచి, నా రెండో చేత్తో మీట వేశాను. ఆ కిరణాలు చర్మానికి చేసే హాని గురించి అప్పట్లో మాకు తెలిసింది తక్కువ. ఎడమచేతి రెండు గోళ్ళు నాకు ఇప్పటికీ సరిగా పెరగవు. దానికి ఆ ఒక్క రోజు కారణం కాదు.

రెండు ప్లేట్లూ కడిగాను. మేజరు గారు తీసిన తుంటి ప్లేటు నేను తీసినవాటిలాగే ఉంది. చిన్నదాని మీద నా వేళ్ళ ఎముకలు సుద్దముక్కల్లా తెల్లగా ఉన్నాయి. ఆదెమ్మవి బూడిదరంగు. అంచులు మాత్రం పెన్సిలుతో గీసినట్టు సన్నగా కనిపిస్తున్నాయి, లోపల దాదాపు ఏమీ లేదు.

మేజరు గారు తిరిగొచ్చాక రెండూ ఆయన ముందు పెట్టాను. చిన్న ప్లేటు కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశారు. తెల్ల చెయ్యి ఎవరిదన్నారు. నాదన్నాను. రెండోది? ఆదెమ్మది. ఈ ప్లేటుకు అనుమతి ఉందా? లేదన్నాను. ఆయన కూర్చుని, అనుమతి లేకుండా ప్రభుత్వ సామగ్రి వాడినందుకు నా మీద మందలింపు పత్రం రాసి, నాచేత సంతకం పెట్టించారు. తర్వాత ప్లేటు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు.

ముసలితనంలో ఎముక లోపల గుల్లబారుతుందని, కదలకుండా పడి ఉంటే ఏ వయసులోనైనా పలచబడుతుందని ఆయన పుస్తకాల్లో చదివారు. తన బల్ల మీది మనిషిలో చూడడం ఇదే మొదలని నాతో అన్నారు. ఈమెలో తగ్గడానికి ఇంకేం మిగల్లేదు, పడుకోబెడితే ఉన్నది కూడా పోతుంది అన్నారు. నేరుగా వార్డుకు నడిచారు. నేను వెనకే వెళ్ళాను.

ఇసుకసంచి విప్పించేస్తాననీ, రేపటి నుంచి కుర్చీలో కూర్చోబెడతామనీ నాగమ్మకు చెప్పమన్నారు. ఎముక అతక్కపోవచ్చు, కాలు కురచవుతుంది, నొప్పి తప్పదు అన్నారు. నాగమ్మ అంతా విని ఒకటే అడిగింది.

"కాలు సంగతి ఉండనీ అన్నా. మనిషి ఉంటాదా?"

నేను ఫ్రెంచిలోకి మార్చాను. మేజరు గారు తెలియదు అన్నారు. రెండు నెలలుగా ఆయన మాటలు రోగులకు చేరవేస్తున్నాను. ఆ మాట చేరవేయడం అదే మొదటిసారి. నాగమ్మ శుక్రవారం తల్లిని తీసుకుపోలేదు.

కూర్చోబెట్టడం మాటలో చెప్పినంత తేలిక కాదు. మొదటి రోజు ఆదెమ్మ అరుపులకు పక్క వార్డు సిస్టరు పరుగెత్తుకొచ్చింది. నేను వీపు పట్టుకునేవాణ్ణి, నాగమ్మ కాలు పట్టుకునేది. మేజరు గారు నన్ను పిలిచే పేరు ఆదెమ్మకు పట్టుబడింది.

"ఒరే హంగయ్యా, నువ్వు మనిషివేనా? నీ చేతులిరగా!"

ఆ తిట్టు ఏమిటని మేజరు గారు అడిగారు. నొప్పిగా ఉందంటోంది అన్నాను. నా ఉద్యోగంలో తెలిసి చేసిన తప్పు అనువాదం అదొక్కటే. మూడో వారానికి ఆమె కూర్చుని తన అన్నం తానే కలుపుకుంది. ఆరో వారంలో రెండు చంకకర్రలతో నిలబడింది. రెండు నెలలకు ఒక చంకకర్ర వదిలేసి, కూతురి భుజం మీద చెయ్యి వేసి, ఆసుపత్రి మెట్లు దిగింది. ఎడమ కాలు రెండు వేళ్ళ మేర పొట్టి. ఆ తర్వాత నాలుగేళ్ళు బతికింది. పిండి దంచడం మానేసి, తాను కూచుని, దంచేవాళ్ళకు పనులు చెప్పేదట. ఆ పనిలో ఆమెకు మంచి పేరే ఉండేది.

నలభై అయిదో రోజు ప్లేటులో ఎముక అతకలేదు. ఆ తర్వాతా అతకలేదు. మేజరు గారు పుస్తకంలో చివరి గడి పక్కన ఇంకో గీత గీయించి, దాని పేరు 'నడక' అని పెట్టించారు. అక్కడ 'ఉంది' అని రాశాను. ఆయన నివేదిక ఫ్రాన్సుకు వెళ్ళి అచ్చయింది కూడా. అందులో ఆదెమ్మ లేదు. ఆ నివేదిక అడిగేది అతికిన రోజుల లెక్క, ఆమెకు ఆ లెక్క లేదు. అయితే ఆ తర్వాత తుంటి విరిగి వచ్చిన ముసలివాళ్ళనెవరినీ మా వార్డులో నెలన్నర కట్టి పడుకోబెట్టలేదు. వాళ్ళలో కొందరు బతికారు, కొందరు బతకలేదు.

మందలింపు పత్రం వల్ల మొదటి తరగతి ఇన్‌ఫిర్మియే హోదా నాకు రెండేళ్ళు ఆలస్యంగా వచ్చింది. ప్లేటు అనుమతి లేకుండా వాడిన మాట నిజమే గనుక దాని మీద నేను అర్జీ పెట్టుకోలేదు.

నా తర్వాత ఎక్స్‌రే గదికి వచ్చినవాళ్ళకు రెండు సంగతులు చెప్పాను. ప్లేటు వెలిసిపోయినట్టు కనిపిస్తే, మందునీళ్ళను అనుమానించే ముందు, మనకు బాగా తెలిసినదాన్ని పక్కన పెట్టి ఇంకొకటి తీయాలి. అందుకు సంతకం ముందే తీసుకోవాలి. ఇక డాక్టర్లకు చెప్పే హోదా నాది కాదు కనుక వాళ్ళకు చెప్పలేదు గాని, నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. ఎముక అతుకుతుందా అన్నది ఒక ప్రశ్న, మనిషి లేచి తిరుగుతుందా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు ప్లేటులో దొరుకుతుంది. రెండోదాన్ని మనిషిని నిలబెట్టి చూడాలి.