ఒలిందో ఇంటి చల్లదనం

జులై వచ్చిందంటే మంతోవాలో అందరి నోటా ఒకటే మాట, ఉక్క. చుట్టూ ఉన్న చెరువుల తడంతా ఊరి మీదికెక్కి కూర్చుంటుంది. చెమట తుడుచుకున్న చోటే మళ్ళీ పుడుతుంది. అలాంటి నెలలో కాఫీకొట్టు ముందు కుర్చీ వేసుకుని, "మా ఇంట్లో నేను పగలు దుప్పటి కప్పుకుంటాను" అని చెప్పగలిగిన మనిషి ఒలిందో ఒక్కడే.

ఒలిందో ఒకప్పుడు రొట్టెలు కాల్చే పనివాడు. నలభై ఏళ్ళు రాత్రంతా పొయ్యి ముందు నిలబడి, పొద్దున ఇంటికొచ్చి, చీకటి గదిలో హాయిగా పడుకుని సాయంత్రం లేచేవాడు. ఆ హాయంతా గోడల చలవేనని అతని నమ్మకం. "పాతకాలం గోడలురా, మూరెడు మందం! మీరు కొనుక్కున్నవి ఇళ్ళు కావు, అగ్గిపెట్టెలు" అని కొట్టులో అందర్నీ దెప్పేవాడు. పక్కనున్న భార్య నీవెస్ నవ్వి ఊరుకునేది.

ఫిబ్రవరిలో నీవెస్ పోయింది. జులైలో గోడలు కూడా మోసం చేశాయి.

ఇల్లు కుంపటైంది. ఒలిందో తాపీ మేస్త్రిని పిలిపించి కప్పు చూపించాడు. కప్పుకేమీ రోగం లేదన్నాడు మేస్త్రి. అయినా కొట్టులో మాత్రం తగ్గలేదు, అదే దుప్పటి, అవే గోడలు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే. చివరికొక మధ్యాహ్నం మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయాడు. కింద వాటాలో ఉండే ఎల్వీరా ముసలమ్మ మొహాన నీళ్ళు కొట్టి, ఊళ్ళోనే ఉన్న కూతురు ఓర్నెల్లాకు కబురు చేసింది.

"శనివారం వస్తాను. బట్టలు సర్దుకో నాన్నా" అంది ఓర్నెల్లా ఫోన్లో. "మా ఇంట్లో ఏసీ ఉంది. ఇక అక్కడే ఉందువుగాని."

"ఏసీయా? చెమట మెడ మీద ఆ గాలి పడితే ఇంకేమన్నా ఉందా! మెడ పట్టేస్తుంది."

"పడితే పట్టనీ. గుండె ఆగిపోతే ఎవరొచ్చి నడిపిస్తారు?"

మెడ సంగతి నిజమే, మంతోవాలో పాలు తాగే బిడ్డకు కూడా చెమట మీద గాలంటే భయం. ఒలిందో అయితే వేసవిలో కూడా మెడకు రుమాలు చుట్టుకునేవాడు. కానీ అసలు బాధ వేరు. నిద్ర లేవగానే వంటింట్లో నీవెస్ చెప్పుల చప్పుడు ఇప్పటికీ వినపడుతుంది అతనికి. తాను వెళ్ళిపోతే ఆ చప్పుడు కూడా పోతుందని భయం. ఈ మాట కూతురితో చెప్పుకోవడానికి సిగ్గేసింది.

గురువారం మధ్యాహ్నం పుచ్చకాయ ముక్క పట్టుకుని పైకొచ్చిన ఎల్వీరా గుమ్మంలోనే అందుకుంది.

"ఏమయ్యా ఒలిందో, మతి పోయిందా? ఎండ నడినెత్తి మీదుంటే కిటికీలన్నీ బార్లా తీసి పెట్టావేంటి?"

"గాలి రావద్దా మరి?"

"వచ్చేది గాలి కాదు, నిప్పు! రాత్రుళ్ళయినా తీస్తున్నావా?"

"రాత్రి తీస్తే మెడ పట్టెయ్యదూ! ఈ ఇంట్లో రాత్రిపూట కిటికీ ఏనాడూ తియ్యలేదు ఎల్వీరమ్మా."

ముసలమ్మ పకపకా నవ్వింది. అతని మొహం చూసి, నిజంగానే తెలియదని అర్థమై నవ్వు ఆపేసింది.

"ఏనాడూ తియ్యలేదా! నువ్వు పనికి ఇలా వెళ్ళగానే అటువీ ఇటువీ అన్నీ తీసేది నీవెస్. ఎండ రాకముందే అన్నీ మూసేది. కిటికీల బయటి చెక్కరెక్కలు కూడా బిగించేది. మధ్యాహ్నం ఈ ఇంట్లో పొయ్యి వెలిగించిందా? గిన్నె పట్టుకుని నా వంటింటికొచ్చి నీ కూర అక్కడ ఉడికించేది."

"నేను పని మానేశాక?"

"నీ గురక మొదలయ్యాక లేచేది. నీ గది తలుపు వేసి, కింద సందులో తువ్వాలు కుక్కి, అప్పుడు మిగతా ఇంటి కిటికీలు తీసేది, నీ మెడకు గాలి తగలకుండా. 'ఆయనకు చెప్పకక్కా, భయపడతాడు' అనేది. నువ్వు కొట్టులో గోడల్ని పొగిడిన సంగతి వచ్చి చెప్పేది, ఇక్కడ మేమిద్దరం పడీ పడీ నవ్వుకునేవాళ్ళం."

ఆమె చేతికిచ్చిన పుచ్చకాయ ముక్క రసం కారి చొక్కా తడుస్తున్నా ఒలిందో చూసుకోలేదు.

మర్నాడు చీకటితోనే లేచాడు. వంటింటి కిటికీ తీసి, ఎదురు గది కిటికీ కూడా తీశాడు. చెరువు మీది గాలి ఇల్లంతా దాటి అటు పోయింది. చెయ్యి దానంతటదే మెడ మీదికెళ్ళింది. కాసేపు తటపటాయించి రుమాలు విప్పేశాడు. ఏమీ కాలేదు. ఇన్నేళ్ళూ ఆమె ఒంటరిగా నిలబడిన గాలి ఇదేనని తెలిసి, నిలుచున్నచోటే ఏడ్చాడు.

తెల్లారాక కంగారులో పడమటి కిటికీలు బిగించి, తూర్పువి వదిలేశాడు.

"అటు కాదయ్యా, ఇటు! సూర్యుడు ఎటు పుడతాడో కూడా నీవెస్సే చెప్పాలా?" అని పెరట్లోంచి అరిచింది ఎల్వీరా.

శనివారం మధ్యాహ్నం ఓర్నెల్లా ఖాళీ పెట్టె మోసుకుంటూ, రొప్పుతూ మెట్లెక్కింది. తలుపు తీసి అక్కడే ఆగిపోయింది. లోపల మసక చీకటి, చల్లదనం. తండ్రి వంటింటి బల్ల దగ్గర కూర్చుని రొట్టె, టమాటా ముక్కలు తింటున్నాడు.

"నాన్నా, ఏసీ పెట్టించావా?"

"లేదమ్మా. ఇది మీ అమ్మ పని." అతను చేతిలోని రొట్టె పక్కన పెట్టాడు. "రోజూ రాత్రి లేచేదట. నాకు తెలీదు. బాగుంది నీవెస్ అని ఒక్కనాడు అన్నానా? ఆ మెప్పంతా గోడలకు ఇచ్చానే తల్లీ."

ఓర్నెల్లా పెట్టె కింద పెట్టి అతని పక్కన కూర్చుంది. అతని వీపు నిమిరింది. కొంతసేపటికి ఎండ ఇటువైపు తిరిగి, వెలుతురు కోసం ఓరగా తెరిచి ఉంచిన పడమటి కిటికీలోంచి నేల మీద పడింది. ఒలిందో కళ్ళు తుడుచుకుని, ఆ కిటికీ మూయడానికి లేచాడు.