ఆవిడ లేరండి

బతికున్న మనిషి బొమ్మకి నేను దండ వేయించాను. ఇన్నేళ్ళుగా ఈ ఒక్క మాట ఎవరికో ఒకరికి చెబుదామని నోటిదాకా తెచ్చుకోవడం, మళ్ళీ మింగేయడం. మా ఇంట్లో ఆవిడకి చెప్పలేదు. స్నేహితులకి చెప్పలేదు. గుడికెళితే దేవుడికి కూడా వేరే సంగతులేవో చెప్పుకుని వచ్చేశాను. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే మీ దగ్గర నోరు పెగులుతోందేమో. నా పేరు చెప్పను, పిరికివాడనుకోండి, తప్పులేదు. ఆ బొమ్మలో ఆవిడ పేరు మాత్రం దాచను. దాచడమే నేను చేసిన పాపం, ఇక్కడ కూడా అదే చేస్తే ఈ రాతంతా దండగ. ఆవిడ పేరు సత్యవతి.

మాది గోదావరి నడుమ ఒక లంక. ఇప్పుడది లేదు. వరదొచ్చినప్పుడల్లా ఏరు ఒక అంచు కోసుకుపోయేది. ముందు పొలాలు పోయాయి, తరవాత బడి, ఆ తరవాత ఇళ్ళు. జనం తలో ఊరూ పట్టుకుపోయారు. ఇదిగో ఇక్కడ మా ఊరుండేది అని చూపిద్దామన్నా అక్కడ నీళ్ళే.

సత్యవతీ నేనూ తొమ్మిదో తరగతిలో ఉండగా ఆ లంకకి సినిమా వాళ్ళొచ్చారు. ఏ సినిమా అని అడక్కండి, చెబితే మీరు చూసే ఉంటారు. మద్రాసు నుంచి తెచ్చుకున్న పిల్లకి జ్వరం తగిలింది. డైరెక్టరు గారు గట్టు మీద గుంపులోకి చూసి, లంగా ఓణీలో నిలబడ్డ సత్యవతికేసి వేలు చూపించారు. సాయంత్రం పూట, కదులుతున్న పడవ అంచున లాంతరు పట్టుకు నిలబడి, ఒడ్డుకేసి "నాన్నా, తొందరగా రా!" అని ఒక్క కేక వెయ్యాలి. వేసింది. వెలుతురు చాలడం లేదని వెండికాగితం అంటించిన అట్ట ఒకటి నా చేతికిచ్చి, ఎండని ఆ పిల్ల మొహమ్మీదికి తిప్పమన్నారు. తిప్పాను. నాకు ప్రేమంటే ఏంటో అప్పుడు తెలీదు గానీ, చేతులు పడిపోతున్నా ఆ అట్ట దించబుద్ధి కాలేదు.

సినిమా బ్రహ్మాండంగా ఆడింది. సత్యవతి మొహం తెరనిండా కనబడింది. గొంతు మాత్రం మద్రాసులో ఇంకెవరో పిల్లది పెట్టేశారు. పేర్లు పడేటప్పుడు ఎంత వెతికినా తన పేరు లేదు. రాజమండ్రిలో సినిమా చూసి తిరిగొచ్చేటప్పుడు పడవలో అందరం పాటలు పాడుకుంటుంటే, అది మాత్రం "నా పేరు వెయ్యలేదేంట్రా" అని ఒకటే గొణుగుడు. ఊరుకోవే అన్నాను. ఊరుకుంది. నాకది చిన్న సంగతి. తనకి అది ఎంత పెద్దదో నేను తరవాతెప్పుడో తెలుసుకున్నాను, తెలుసుకుని కూడా ఏం చేశానో ఇప్పుడు చెబుతాను.

ఆ షూటింగు పుణ్యమా అని నేను ఆర్టు డిపార్టుమెంటు వాళ్ళ వెంటబడి మద్రాసు వెళ్ళాను, తరవాత హైదరాబాదు. కోటలు కట్టాను, గుళ్ళు కట్టాను, అన్నీ ప్లాస్టరాఫ్ పారిస్సే. మనిషినయ్యాక వెళ్ళి సత్యవతినిమ్మని అడుగుదామనుకున్నాను. ఎప్పటికి మనిషినవుతానని? ఒక రాజమహలు స్తంభానికి బంగారురంగు పూస్తుండగా మా ఊరివాడొకడు కనబడి, సత్యవతిని పెద్దాపురంలో బట్టలకొట్టు వాళ్ళింటికి ఇచ్చేశారని చెప్పాడు. ఓహో అలాగా అన్నాను. స్తంభం పూర్తిచేశాను.

తొంభైల చివర్లో, రాజమండ్రికి కాస్త దిగువన గట్టు పక్కనే సినిమా పార్కు కడుతున్నారని కబురొచ్చింది. కట్టేది సుబ్బారాయుడు గారని, బియ్యం మిల్లుల ఆసామి. సినిమా పిచ్చి ఆయనకి. ఒక పక్క పౌరాణికాల కోట, ఒక పక్క జానపదాల గుహ, మూడోది పల్లెటూరు. ఆ పల్లెటూరు ఇంకేదో కాదు, మా లంకలో తీసిన ఆ సినిమాలోది. ఆ భాగం నాకప్పజెప్పారు. ఆ లంకలోనే పుట్టినవాణ్ణని తెలిసి ఆయన ముచ్చటపడిపోయారు. మీకు నవ్వొస్తుంది గానీ, గట్టుకి అవతల అసలు గోదావరి పారుతుంటే ఇవతల మేం మోటారు పెట్టి చిన్న గోదావరి తవ్వాం. అదేంటండీ అంటే ఆయన, "అసలు గోదారికి గేటు పెట్టలేం కదయ్యా" అన్నారు.

నేనక్కడ పనిచేసిన రోజులు ఎలాంటివో ఎలా చెప్పను? మునిగిపోయిన ఊరిని మళ్ళీ కట్టుకోవడం ఎంతమందికి దొరుకుతుంది? ముందు థర్మాకోల్‌తో నమూనా చేశాను. జనం ఎటునుంచి రావాలి, ఎక్కడ మలుపు తిరగాలి, మలుపు తిరగ్గానే ముందేం కనబడాలి, అదంతా గీసుకోవాలి. సిమెంటు గట్టుకి బురదరంగు వేయించాను. ఇనుపవల చుట్టి సిమెంటుతో కొబ్బరిచెట్లు పోయించాను. బడి అరుగు కట్టించాను, సినిమాలో ఆ అరుగు లేకపోయినా. పట్టాల మీద నడిచే ఫైబరు పడవ చేయించి, ఏ మలుపు తిరిగినా ముందు ఆ పడవ అంచే కంటబడేలా దారులన్నీ తిప్పాను. నేను ప్లాను గీస్తున్నాననుకున్నారు అందరూ. నేను సత్యవతి కోసం ఎదురుచూస్తున్నాను. పెద్దాపురంలో కాపురం చేసుకుంటున్న ఆవిడ కోసం కాదు, లాంతరు పట్టుకున్న పిల్ల కోసం. ఈ తేడా ఉంది చూశారూ, నా బుద్ధి గడ్డి తిన్నది అక్కడే.

ప్రారంభోత్సవం దగ్గర పడుతుండగా సుబ్బారాయుడు గారికి ఒక ఆలోచనొచ్చింది. ఆ పడవ మీద పిల్ల మీ ఊరిదేగా, ఎక్కడుందో పట్టుకురా, దీపం ఆవిడ చేతే వెలిగిద్దాం, ఆ సినిమాలో పిల్ల ఈవిడేనని నలుగురిలో చెబుదాం, అన్నారు. సత్యవతి జీవితమంతా అడిగింది సరిగ్గా అదే. అది కాళ్ళ దగ్గరికి నడిచొచ్చింది. నేను వెళ్ళి పిలిస్తే చాలు.

వెళ్ళాను. పెద్దాపురంలో వాళ్ళ వీధి కనుక్కున్నాను. తలుపులు బార్లా తీసున్నాయి. ముందుగదిలో మొగుడు కంచం ముందు కూచున్నాడు, సత్యవతి పక్కన పీటమీద కూచుని వారపత్రికలో ఏదో జోకు చదివి వినిపిస్తూ, తనే ముందు నవ్వేస్తోంది. కాస్త ఒళ్ళు చేసింది. ఆయన మెతుకులు అడ్డంపడి దగ్గుతూ నవ్వుతుంటే నెత్తిమీద తడుతోంది. నేను వీధిలో నిలబడి చూశాను. నేను లేకుండా ఇంత బాగా నవ్వుతోందా? ఏం, నవ్వకూడదా? నేనెవర్నని? ఇవన్నీ ఇప్పుడు వేసుకుంటున్న ప్రశ్నలు. అప్పుడు మాత్రం గడప తొక్కకుండా వెనక్కి తిరిగి బస్సెక్కేశాను.

సుబ్బారాయుడు గారికి ఏం చెప్పాలి? ఇంట్లో లేరండి, మళ్ళీ వెళతాను అందామనుకున్నాను. చిన్న అబద్ధం, ఎవరైనా ఆడేదే. ఆయన కొబ్బరిచెట్లకి రంగు వేయిస్తూ, వెనక్కి తిరక్కుండానే అడిగారు.

"ఏమయ్యా, కనబడ్డారా ఆవిడ?"

"ఆవిడ లేరండి."

ఆయన చటుక్కున తిరిగారు. మొహం వాడిపోయింది. భుజమ్మీద కండువా తీసి చేత్తో పట్టుకున్నారు.

"అయ్యయ్యో! అంత చిన్నవయసులోనా? ఏమైందయ్యా పాపం?"

మన తెలుగులో ఇదొక చిక్కు. గడప దాటి కూరలకెళ్ళినా లేరే, కాటికెళ్ళినా లేరే. 'ఇంట్లో' అనే మాట నేను మర్చిపోయానా, మింగేశానా? ఎన్నిసార్లు ఆ క్షణం దగ్గరికెళ్ళి వెతికినా నాకు తెలీడం లేదు. సరే, జారిందే అనుకుందాం. దిద్దుకోవడానికి ఎంత సేపు? అబ్బే, అది కాదండీ, ఇంట్లో లేరంటున్నాను, అంటే ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. నేను తల దించుకున్నాను. తల దించుకుంటే మన దగ్గర దాని అర్థమేంటో మీకు తెలుసు. ఆయన ఇంకేం అడగలేదు. మర్యాదస్తులు, అడగరు. నా గుండెల్లో మాత్రం, చెప్పడానికి నోరు రావడం లేదు, ఎక్కడో చిన్న హాయి. ఇంక ఆ పిల్ల పడవ దిగి ఎవరింటికీ వెళ్ళదు. ఛీ, ఏం మనిషినండీ నేను.

దీపం వెలిగించడానికి వేరెవర్నో పిలిచారు. పల్లెటూరి భాగం మొదట్లో ఆ పిల్ల బొమ్మ పెద్దదిగా పెట్టి దండ వేద్దామన్నారు సుబ్బారాయుడు గారు. బొమ్మ వేసింది నేనే. కింద 'బేబీ సత్యవతి' అని సినిమా అక్షరాల్లో రాసిందీ నేనే. గంధంచెక్కల దండ వేశారు, ముందో దీపం పెట్టారు. పార్కు తెరిచాక ఆడవాళ్ళు అక్కడ ఆగి చేతులు జోడించేవాళ్ళు. కొందరు పువ్వు పెట్టేవాళ్ళు. వరదలో కొట్టుకుపోయిందని ఒకరు, ఆ పడవ మీంచే పడిపోయిందని ఇంకొకరు, కథలు మొదలయ్యాయి. కాదనే మనిషెవరూ లేరు. లంకే లేదు, సత్యవతి వాళ్ళ నాన్నగారు పోయారు, అమ్మగారు కొడుకు దగ్గర భిలాయిలో ఉన్నారు. అంతా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఒక ఆదివారం పడవ అంచున రంగు పెచ్చులూడితే దగ్గరుండి దిద్దిస్తున్నాను. సుబ్బారాయుడు గారు ఎవరో పెద్దమనుషులకి పార్కు చూపిస్తూ నా పక్కకొచ్చి నిలబడ్డారు. అప్పుడే మలుపు తిరిగి ఒక కుటుంబం వచ్చింది. ముందు సత్యవతి, మంచి చీర కట్టుకుని, పూలు పెట్టుకుని, పరుగులాంటి నడకతో. వెనకాల మొగుడు, ఆడపడుచు, పిల్లలు. బొమ్మ ముందు ఆగింది. నవ్వుతూనే ఆగింది. తరవాత దండ చూసింది.

మొగుడు పేరు చదివి పకపకా నవ్వాడు. "ఏమే, నువ్వు పోయావటే!" అన్నాడు. సరదాకే అన్నాడు పాపం. ఆడపడుచు నవ్వలేదు. "ఏంటొదినా, ఇన్నాళ్ళూ ఆ పిల్లని నేనే, నేనే అని మా అందరికీ చెప్పుకున్నావు. పేరు కలిసిందని చెప్పేసుకున్నావా?" అంది. గోదావరి జిల్లాల్లో సత్యవతులకేం కరువు, వీధికో ముగ్గురుంటారు. సత్యవతి అందరి మొహాలూ చూసింది. అప్పుడు నేను కనబడ్డాను. ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చినట్టు నా దగ్గరికొచ్చింది.

"ఒరేయ్, నువ్విక్కడున్నావా! చెప్పరా వీళ్ళకి. నేనేగా?"

సుబ్బారాయుడు గారు నాకేసి చూస్తున్నారు. పెద్దమనుషులు చూస్తున్నారు. అవును అంటే నా అబద్ధం, నా పని, నా పరువు అన్నీ అక్కడికక్కడే కూలుతాయి. అవన్నీ కూలినా సత్యవతి నిలబడుతుంది. ఎంత సులువైన లెక్క!

"మీరెవరో నాకు తెలీదండి," అన్నాను.

అండి అన్నాను. లంక మట్టిలో కలిసి ఆడుకున్నదాన్ని, నన్ను ఒరేయ్ అని పిలిచే హక్కున్న ఒకే ఒక్క మనిషిని, అండి అన్నాను. ఎంత మర్యాదగా గొంతు కోయొచ్చో మా జిల్లా వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. సత్యవతి ఏడవలేదు, అరవలేదు. "పొరబడ్డానండి," అంది. పిల్లల చేతులు పట్టుకుని పడవకేసి కాకుండా గేటుకేసి నడిచింది. వెనకాల ఆడపడుచు ఏదో అంటూనే ఉంది.

కొన్నేళ్ళకి జనం తగ్గారు, పార్కు మూసేశారు. కోటలు పడగొట్టి ప్లాట్లు వేశారు. అప్పుడు నాకు పోయే ఉద్యోగం లేదు, పోయే పరువూ లేదు. పెద్దాపురం వెళ్ళి వాళ్ళాయన ముందు నిలబడి ఒక్క మాట చెప్పిరావచ్చు. అక్కడి మరిడమ్మ జాతరకి వెళ్ళాను కూడా. వాళ్ళ వీధి మొదటిదాకా నడిచి, ఏ మొహం పెట్టుకుని వెళతాంలే అని వెనక్కొచ్చేశాను. భయం పోయినా మనిషి చెప్పడు చూడండి, మరి ఇన్నాళ్ళూ ఆపింది భయమేనంటారా?

చివరిసారి చూసింది ద్రాక్షారామంలో, కార్తీక సోమవారం, తొక్కిసలాటలా ఉన్న వరుసలో. నా వెనకాలే నిలబడుంది, జుట్టు నెరిసింది. పక్కనున్న మనవరాలు, టీవీలో మొన్నొచ్చిన సినిమా సంగతేదో అడుగుతోంది. పడవ మీద పిల్లెవరు అమ్మమ్మా, నీలాగే ఉంది, అంటోంది. సత్యవతి జవాబు నాకు స్పష్టంగా వినబడింది.

"ఎవరో పిల్లమ్మా. చిన్నప్పుడే పోయిందట."

ఆ గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. నన్ను చూడనైనా లేదు. తనే నమ్మేసింది. లేదా, నమ్మినట్టు బతకడం అలవాటు చేసుకుంది. ఆ పాపకి నేను అప్పుడైనా వెనక్కి తిరిగి చెప్పుండొచ్చు. వరుస కదిలింది, నేనూ కదిలాను.

క్షమించమని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు, అడగాల్సినావిడని అడిగే దమ్ము నాకు రాలేదు. ఇదంతా రాశాక గుండె కాస్త తేలికపడింది, ఆ తేలికకి కూడా సిగ్గేస్తోంది. అయినా ఒక్క మాట రాసేసి ఆపుతాను. మీరు కాస్త పక్కకి జరగండి, ఇది మీక్కాదు.

నువ్వేనే, సత్యవతీ. ఆ పిల్ల నువ్వే.