తాడు రెండో కొస

చెట్ల మీద దయ్యాలుంటాయన్న మాటే నిజమైతే, ఈ జిల్లాలో వాటిని అందరికంటే ముందు నేనే చూసి ఉండాలి. నా వయసులో సగం చెట్ల మీదే గడిచింది. కింద ఊరి జనం నిలబడి "గా చింతచెట్టు మంచిది కాదు, ఎక్కకు" అని భయపెడుతుంటే, ఎక్కి, కొమ్మలు కొట్టి, ఆ పంగలోనే సద్దిమూట విప్పుకుని తిని దిగిన రోజులున్నాయి. నాకు కనిపించినవల్లా ఎర్రచీమలు, తేనెతుట్టెలు, ఒకసారి ఒక పసిరిక పాము.

దయ్యాలను ఇప్పటికీ నమ్మను. కానీ అరవైల చివర్లో, ఎడపల్లి దారిలో నాకు జరిగిన సంగతి ఒకటుంది. దాన్ని ఎవరికీ ఉన్నదున్నట్టు చెప్పలేదు. భయంతో కాదు, సిగ్గుతో. ఇప్పుడు కూడా మనుషుల పేర్లు మార్చే రాస్తున్నాను.

అప్పుడు పల్లెలకు కరెంటు స్తంభాలు వేస్తున్నారు. చెరుకు తోటల్లోకి మోటార్లు వస్తున్నాయి. తీగల దారికి అడ్డం వచ్చే కొమ్మలు కొట్టే పని ఒక మేస్త్రీ తీసుకున్నాడు. ఆయన దగ్గర నేనూ, మల్లన్నా జంటగా పనిచేసేవాళ్లం. మల్లన్న సిరికొండ వైపు మనిషి. నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి. చాలా ఏళ్లు తాటిచెట్లు ఎక్కి కల్లు గీశాడు. మోకాలు చెడిపోయాక ఎక్కడం మానేశాడు. అందుకని నేను పైన, ఆయన కింద.

మాకు టోపీలూ బెల్టులూ ఏమీ లేవు. తలకు రుమాలు, చేతికి గొడ్డలి, నడుముకు వేలాడే రంపం, ఒక తాడు. ఆ తాడును పైన గట్టి పంగలోంచి వేసి, ఒక కొస నా చంకల కింద కట్టుకునేవాణ్ణి. రెండో కొస మల్లన్న చేతుల్లో ఉండేది. నేను కొమ్మ చివరికి జరిగితే వదిలేవాడు, వెనక్కి వస్తే గుంజేవాడు. చెట్టు మొదలుకు ఒక చుట్టు చుట్టి పట్టుకునేవాడు కాబట్టి, నేను జారినా బరువంతా ఆయన చేతుల మీద పడదు. ఆకుల మధ్య నుంచి నాకు ఆయన కనబడడు. తాడు బిగువును బట్టే మనిషి ఉన్నాడని తెలియాలి. పైవాడి ప్రాణం కిందివాడి చేతిలో అన్నది మా పనిలో మాటవరసకు అనే మాట కాదు.

ఆ రోజు ఎక్కింది రోడ్డు పక్క నిద్రగన్నేరు చెట్టు. కొమ్మలు రోడ్డు దాటి అవతలి పొలం మీదికి పోయాయి. చక్కెర ఫ్యాక్టరీలో గానుగ నడిచే కాలం. చెరుకు బండ్లు బోధన్ వైపు బారు తీరి, కాస్త కదలడం, మళ్లీ ఆగడం. బండ్లవాళ్లు, చెరుకు కొట్టే ఆడవాళ్లు కిందికి దిగి, ఎండకు చేతులు అడ్డం పెట్టుకుని నన్నే చూస్తున్నారు. వాళ్లను చెట్టు కిందికి రానీయకుండా మేస్త్రీ కేకలేస్తున్నాడు. పట్టపగలు. ఈ మాట ప్రత్యేకంగా ఎందుకు రాస్తున్నానంటే, చీకట్లో ఏదో చూసి భ్రమపడ్డాననుకోవడానికి వీలు లేదు.

నిలబడబోయే కొమ్మను గొడ్డలి వెనకతో కొట్టి చూశాను. గట్టి చప్పుడే వచ్చింది. "తాడు వదులన్నా!" అని అరిచాను. వదులైంది. పై కొమ్మను ముందు కింది వైపు కొంత కోసి, తర్వాత పైనుంచి రంపం పెట్టాను. అలా కోయకపోతే కొమ్మ విరిగేటప్పుడు బెరడు చీల్చుకుంటూ మన మీదికే వస్తుంది. సగం తెగిందో లేదో, కోస్తున్న కొమ్మ కాదు, నా కాళ్ల కింది కొమ్మ విరిగింది. లోపలంతా గుల్ల. ఆ సంగతి తర్వాత చూశాను.

కొంత దూరం ఉత్త గాలిలో పడ్డాను. తర్వాత తాడు బిగిసింది. రొమ్ము పట్టేసింది. రోడ్డు మీద, అంతమంది తలల పైన, బావిలో బొక్కెనలా వేలాడుతున్నాను. రంపం ఊగి వచ్చి పిక్కకు తగిలింది. అప్పుడే నా లాగు తడిసిపోయింది. ఆపుకోవడం నా చేతిలో లేదు. వెచ్చగా కాళ్ల వెంట కారి కింద రోడ్డు దుమ్ములో పడింది. ఎవరో ఆడమనిషి "అయ్యో బిడ్డా" అంది. ఇంకెవరో కిసుక్కున నవ్వారు.

తర్వాత నన్ను దించారు. దించారనే రాయాలి, వేరే మాట దొరకడం లేదు. జారలేదు, పడలేదు. కొంచెం వదలడం, ఆపడం, నేను ఊగడం తగ్గేదాకా ఆగడం, మళ్లీ కొంచెం వదలడం. నిద్రపోయిన పసిపిల్లను మంచం మీద పడుకోబెట్టినట్టు నా పాదాలు నేలకు ఆనాయి. అప్పుడు తాడు మొత్తం ఒక్కసారిగా వదులై, నా పక్కన కుప్పగా పడింది.

వెంటనే కూలబడి, రుమాలు విప్పి ఒళ్లో కప్పుకున్నాను. మేస్త్రీ ఉరికి వచ్చాడు. చూస్తున్నది నన్ను కాదు, నా వెనక వస్తున్న మల్లన్నను. "శభాష్ మల్లన్నా! ఏం పట్టు పట్టినవ్రా! నువ్వు లేకుంటే పోరడు పోయేటోడు!" అని భుజం చరిచాడు. బండ్లవాళ్లు కూడా చుట్టూ చేరారు. మల్లన్న చేతిలో ఒక చెరుకు గడ ఉంది. అది ఎందుకుందో అప్పుడు ఆలోచించలేదు. ఆయన మొహం వైపు చూడలేకపోయాను. నా లాగు చూసి ఉంటాడు, ఇంతేనా వీని మొగతనం అనుకుని ఉంటాడు అనిపించింది. ఆయనా నా వైపు చూడలేదు.

ఆ మరునాటి నుంచి మల్లన్న పనికి రావడం మానేశాడు. పిరికివాడితో జంట కట్టడం ఇష్టంలేకనే అనుకున్నాను. నేను కూడా చెట్టు ఎక్కలేదు. ఎక్కుదామని మొదలు దాకా పోయి వెనక్కి వచ్చేవాణ్ణి. మేస్త్రీ తిట్టి, నరికిన కొమ్మలు మోసే పనిలో పెట్టాడు. "వానకు తడిసినవా, ఎండకు తడిసినవా" అని తోటివాళ్లు పాటగా అనేవారు. ఇంట్లో నా భార్య శాంతమ్మకు కూడా ఏమీ చెప్పలేదు. ఆ లాగు మాత్రం నేనే ఉతుక్కున్నాను.

ఇలా కొన్నాళ్లు గడిచాక మల్లన్న భార్య లచ్చవ్వ మా ఇంటికి వచ్చింది. గడప లోపలికి కూడా రాలేదు.

"ఏమైంది తమ్మీ మీ ఇద్దరికి? మీ అన్న అన్నం ముడ్తలేడు. నీ పేరెత్తితె గోడ దిక్కు తిరుగుతడు. ఏమన్న అన్నవా?"

"నేనేమంట వదినె? ఆయనే నన్ను సూస్తలేడు."

"ఒక్కసారి రా. నీ కాల్మొక్త."

పెద్దామె ఆ మాట అన్నాక ఎలా ఆగను? వెంటనే వెళ్లాను. మల్లన్న పెరట్లో కూర్చుని, పేనాల్సిన నార చేతిలో పట్టుకుని ఊరికే చూస్తున్నాడు. నన్ను చూసి లేవబోయి, మోకాలు సహకరించక మళ్లీ కూర్చున్నాడు.

"తిట్టనీకి వచ్చినవా?" అన్నాడు.

"నిన్నెందుకు తిడ్తనే? నా పానం కాపాడినోనివి."

ఆయన మొహం చేతుల్లో దాచుకున్నాడు. "నేను పట్టలే సామేలు. తాడు నేను పట్టలే."

నాకు అర్థం కాలేదు.

"వదులు అంటివి గద. చెట్టుకేసిన చుట్టు ఇప్పిన. గప్పుడే బండ్లు కదిలినయ్. లచ్చవ్వ నోరు చేదైతుందని రెండు దినాల నుంచి గడ అడుగుతుండె. కాలు కింద తాడు తొక్కిపెట్టి గడ గుంజుదామనుకున్న. బండి ముంగటికి పాయె. ఎనుకనే పోయిన. తాడు యాదే లేదు. చప్పుడు ఇని తిరిగి చూసిన."

"మరి నన్నెవలు దించిండ్రే?"

మల్లన్న చేతిలో నార పక్కన పెట్టాడు. తర్వాత లేచి నిలబడి, రెండు చేతులూ బొడ్డు ఎత్తున పెట్టి చూపించాడు.

"గీడిదాక తాడు గట్టిగ గుంజుకొని ఉన్నది. గీడికెల్లి కిందికి వదులుగ ఏలాడుతున్నది. నడుమ ఎవ్వలు లేరు. మనిషి పట్టుకుంటె ఎట్లుంటదో గట్లనే ఉన్నది, మనిషి లేడు. ఒక్కో జానెడు పైకి పోతున్నది. నువ్వు కింద కాలు పెట్టంగనే పడిపోయింది." చేతులు దించాడు. "ఉరికొచ్చిన. మేస్త్రీ శభాష్ అనె. కాదు అనాలె. నోరు రాలె. నీ దిక్కు చూద్దమంటె నీకు తెలిసిపోయిందనుకున్న. అందుకే నువ్వు తలకాయ ఎత్తలేదనుకున్న."

నేను తల ఎత్తకపోవడానికి కారణమేమిటో అప్పుడు చెప్పాను. ఆయన నోరు తెరిచి నన్నే చూశాడు. నా లాగు సంగతి ఆయన చూడనే లేదట. ముందు నవ్వాడు. ఆ నవ్వుతోనే ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. లోపల వదినె పొయ్యి ముందు కూర్చుని, పిలవకుండానే ఇద్దరికీ చాయ్ పెట్టింది.

మల్లన్న చెప్పింది నేను వెంటనే నమ్మలేదు. మనిషి గాబరాలో ఏం చూశాడో ఏమో. చేసింది మరిచిపోయి కూడా ఉండొచ్చు. అందుకని ఒక ఆదివారం పొద్దున ఇద్దరం ఆ చెట్టు దగ్గరికి వెళ్లాం. తాడుకు రాయి కట్టి అదే పంగ మీదుగా వేశాం. గోనెసంచిలో నా బరువంత మట్టి నింపి, పైకి గుంజి వదిలాం. పంగలో ఒరుసుకుని తాడే ఆగిందేమోనని నా ఆశ. సంచి రాయిలా పడి పగిలింది. బెరడు గరుకుగా ఉన్న వైపుకు జరిపి ఇంకో సంచి వదిలాం. అదీ అంతే.

తర్వాత అదే రోడ్డు మీద ఆ బండి మనిషి కలిశాడు. సరిహద్దు అవతలి మరాఠీ ముసలాయన. మల్లన్నను గుర్తుపట్టి నవ్వాడు. "భావూ, గడ ఒక కొస నా చేతిల, ఒక కొస నీ చేతిల ఉండె గద! ఇస్తలేనని నేను గుంజుతుంటి. పైన ఫట్‌మని ఇరగంగనే నేనే వదిలిన" అన్నాడు. తాడు ఎవరు పట్టారని అడిగాను. "నేను మీదికి చూసిన బాబా. అందరూ మీదికే చూసిండ్రు" అన్నాడు.

మళ్లీ జంటగా పనికి వెళ్లాం. నీకు తాడు పట్టే మొహం నాకు లేదని మల్లన్న అంటే, నువ్వు పట్టుకుంటేనే ఎక్కుతానని నేను పట్టుబట్టాను. ఆ తర్వాత పనిచేసినన్నాళ్లూ తాడు రెండో కొసను తన నడుముకే కట్టుకునేవాడు. నీళ్లు తాగడానికి పోవాలన్నా నేను దిగేదాకా ఆగేవాడు. కొత్తగా వచ్చినవాళ్లకు మేస్త్రీ ఆ రోజు కథ చెప్పి, "గదీ పట్టంటె" అని ఆయన్ను చూపిస్తే, తల వంచుకునేవాడు. జనం అణకువ అనుకునేవారు.

డెబ్బైలలో కడుపులో ఏదో రోగం వచ్చి మల్లన్న పోయాడు. పదోరోజున చుట్టాలందరి మధ్యా ఆయన పెద్దకొడుకు నన్ను ముందుకు పిలిచాడు. "కాకా, బాపు నిన్నెట్ల పట్టుకున్నడో నువ్వే చెప్పు. నీ నోట వింటె బాగుంటది" అన్నాడు. లచ్చవ్వ స్తంభానికి ఆనుకుని నన్నే చూస్తోంది. ఆమెకు మల్లన్న ఎంత చెప్పాడో నాకు తెలియదు.

"కొంచెం వదులుడు, ఆపుడు. నేను ఊగకుంట చూసి మళ్ల వదులుడు. పసిపిల్లను దించినట్టు దించిండు మీ బాపు" అన్నాను.

ఆ పిల్లవాడు కళ్లు తుడుచుకున్నాడు. చుట్టాలు తలలూపారు. నేను చెప్పినదాంట్లో ఒక్క పేరు తప్ప అంతా నిజం.

ఆ పేరు స్థానంలో ఎవరి పేరుండాలో ఇంతవరకు నాకు తెలియలేదు. నమ్మకమున్నవాళ్లను అడిగాను, లేనివాళ్లనూ అడిగాను. ఎవరి జవాబూ ఆ రెండు సంచుల మట్టికి సరిపోలేదు. నన్ను దించినవాళ్లు ఎవరో గానీ, చేసిన మేలుకు ఒక్క మెచ్చుకోలు మాట కూడా తీసుకోకుండా పోయారు. వాళ్లకు రావలసిన మాటను అంతమంది ముందు నేను ఇంకొకరికి ఇచ్చేశాను. మల్లన్న కొడుకు మొహం తలుచుకుంటే మళ్లీ అలాగే చెబుతాననిపిస్తుంది. నన్ను దించిన ఆ చేతులను తలుచుకుంటే మాత్రం సిగ్గేస్తుంది.