గడ్డ కొలిచిన జాకెట్టు

మా ఆవిడ కుడి భుజం వెనక గడ్డను మొదట గుర్తుపట్టింది నేను కాదు, ఎదురింట్లో బట్టలు కుట్టే ఆమె. ఖానాపురం హవేలిలో మా వీధి ఆడవాళ్లందరికీ ఆమే కుడుతుంది. ఆది జాకెట్టు ఇస్తే చాలు, టేపు పట్టే పని లేదు. ఈస్టర్‌కు కుట్టినది కుడివైపు బిగుతైందని మా ఆవిడ తిరిగి తీసుకెళితే, "తప్పు గుడ్డది కాదు టీచరమ్మా. భుజం ఎనక ఏందో ఉంది, జల్దీ సూపించుకో" అన్నదట.

ఊళ్లో ఒక డాక్టరు కొవ్వుగడ్డ అన్నాడు. తీయించుకోవాలా ఆగాలా అన్నది మా ఆవిడ రెండు వారాలు తేల్చుకోలేదు. తేల్చింది నేను. పత్రికలో పనిచేసినవాణ్ని, ఏ పనికైనా గడువు పెట్టి ముగించడం అలవాటు. "ఒక్కపూట పని, అయిపోతది" అన్నాను.

ఎనిమిది నెలల్లో అది కోసిన చోటే మళ్లీ వచ్చింది, మునుపటికన్నా పెద్దగా. మొదట తీసిన ముక్కను పరీక్షకు పంపలేదని అప్పుడే తెలిసింది. హైదరాబాద్‌లో సూదితో ముక్క తీసి పరీక్షించి, డెస్మాయిడ్ అన్నారు. అరుదైనదట. క్యాన్సర్‌లా ఒంట్లో వేరేచోటికి పోదు, ఉన్నచోటే కండలోకి చొచ్చుకుపోతుంది. కోస్తే మళ్లీ రావచ్చు. ఒక్కోసారి ఏమీ చేయకపోయినా ఆగిపోతుంది, తగ్గుతుంది కూడా. "ఇప్పుడు కోస్తే చేతి నరం దెబ్బతినొచ్చు. కొన్ని నెలలకోసారి స్కాన్ తీసి చూద్దాం. పెరుగుతూనే ఉంటే మందులు ఉన్నాయి" అన్నాడు అక్కడి డాక్టరు.

ఇల్లందు నుంచి వచ్చిన మా బావమరిది, "సూసుకుంట కూసునేదానికి హైదరాబాద్ దాక ఎందుకు బావా? గది నేను గూడ సూస్త" అన్నాడు.

"నువ్వు సూస్తే భయపడి ఆగుతదేమోరా" అంది మా ఆవిడ.

వాళ్లిద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ప్రమాదం జరిగిన చోట నిలబడి వివరాలు రాసుకునేటప్పుడు ఎలా ఉండేవాణ్నో, ఇంట్లోనూ అలాగే ఉండిపోయాను.

ఆమె బడి భద్రాచలం వైపు, అడవి మొదలయ్యే చోట. పిల్లల్లో చాలామంది ఇంట్లో కోయ మాట్లాడతారు, తెలుగు బోర్డు మీద చూసి నేర్చుకోవాల్సిందే. చెయ్యి పైకి లేవక ఆమె బోర్డు కింది సగంలోనే రాసేది. వెనక బెంచీల వాళ్లను ముందుకు పిలిచి నేల మీద కూర్చోబెట్టేది. చెయ్యి ఇంకా దిగితే ఉద్యోగం మానుకోవాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఎదురింటామె మా ఆవిడ జాకెట్టుకు కుడివైపు లోపల గుడ్డ ఎక్కువ వదిలింది. బిగుతైనప్పుడల్లా ఒక కుట్టు విప్పి, దాని అవతల మరోటి వేసేది. ఇస్త్రీ నా పని అయ్యాక చూశాను, తిరగేస్తే పాత కుట్ల సూది రంధ్రాలు వరుసలుగా కనిపించేవి. స్కాన్ రిపోర్టులు ఫైల్లో పెట్టేవాణ్ని. చూసేది మాత్రం ఈ వరుసలనే.

మూడో వరుస తర్వాత ఆపరేషన్ మాట మళ్లీ ఎత్తాను. ఆవిడ బీరకాయ తరుగుతోంది, ఎడమ చేత్తో.

"పోయినసారి మీరు తేల్చిన్రు. ఈసారి నన్ను తేల్చుకోనియ్యండి."

నేను ఫైలు తీసి లోపల పెట్టేశాను.

క్రిస్మస్ ముందు ఎదురింటికి ఆమెతో నేనూ వెళ్లి, గడప బయట నిలబడ్డాను. లోపలి మాటలు వినిపిస్తున్నాయి.

"ఈసారి విప్పేదేం లేదు టీచరమ్మా. లోపలికి పట్టాలె."

"మంచిగ సూడు."

"నా చేతికి తెల్వదా? సార్, మీరు పేపర్ల రాసుకోండ్రి, నేనే చెప్పిన అని."

తర్వాతి నెల స్కాన్ కూడా అదే చెప్పింది, కొద్దిగా తగ్గిందని. ఎందుకు తగ్గిందో డాక్టరు చెప్పలేకపోయాడు. మళ్లీ పెరగదని కూడా అనలేదు.

సంతోషం వస్తుందేమోనని చూశాను. ఇస్త్రీ పెట్టె వేడెక్కింది. జాకెట్టు తిరగేసి పరిచాను. కొత్త కుట్టు మూడో వరుస రంధ్రాల మీదే పడింది. మొన్నటిదాకా కుట్టు ఉన్నచోట ఖాళీ రంధ్రాలు మిగిలాయి. వాటి మీద రెండుసార్లు పెట్టె నడిపినా పూడలేదు.

సోమవారం ఆవిడ అదే తొడుక్కుని బడికి వెళ్లింది. ఇప్పటికీ బోర్డు కింది సగంలోనే రాస్తోంది. పిల్లలకు నేల మీద కూర్చోవడం అలవాటైంది.