మెడ వెనుక నలుపు

వీధి మలుపులో సెలూన్ నడిపే క్షురకుడికి పిల్లలు పెట్టిన పేరు స్ట్రా తాత. ఆ పేరు ఆయన కష్టపడి సంపాదించుకున్నదే. పిల్లల క్షవరంలో అసలు చిక్కంతా మెడ దగ్గర వస్తుంది. ముందు జుట్టు కత్తిరిస్తున్నంతసేపూ అద్దంలో తమను తాము చూసుకుంటూ బుద్ధిగా కూర్చున్నవాళ్లే, మెడకు మిషను ఆనగానే చక్కిలిగింత పుట్టి, తాబేళ్లలాగా తలలు లోపలికి లాక్కుంటారు. తక్కినచోట్ల ఈ ఘట్టంలో ఒకరు తల పట్టుకోవాలి, మరొకరు బెదిరించాలి. ఈయన పద్ధతి వేరు. కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క వేసి, దాని మీద పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, ఒళ్లో కూల్‌డ్రింకు సీసా పెట్టేవారు. అందులో వేసే స్ట్రాను కావాలనే పొట్టిగా కత్తిరించేవారు. తాగాలంటే తల వంచక తప్పదు; తాగుతున్నంతసేపూ కదలడం కుదరదు. సీసా ఖాళీ అయ్యేలోగా మెడ నున్నగా తయారయ్యేది.

ఈ ఉపాయానికి మొదటి ప్రయోగశాల ఆయన కూతురి కూతురు. తల్లిదండ్రులు ఉద్యోగాల నుంచి వచ్చేదాకా ఆ పిల్ల బడి వదలగానే నేరుగా సెలూన్‌కు చేరేది. తన మీదే ప్రయోగం జరిగింది కనుక సీసా మీద ఆమెకు ఒక హక్కు స్థిరపడిపోయింది. క్షవరం ఉన్నా లేకున్నా రోజూ ఒకటి తాగేది. బొద్దుగా, చలాకీగా ఉండే పిల్ల. చెవుల కిందికి దిగని జుట్టు ఆమెకు ఎంతో ఇష్టం.

అటువంటి పిల్ల ఒకనాడు కుర్చీ ఎక్కనంది.

"జుట్టు పెంచుకుంటాను తాతయ్యా."

"కళ్లలో పడుతోందని నిన్నే కదే గోల చేశావు?"

"ముందు కత్తిరించు. వెనకాల వద్దు."

"సగం క్షవరం చేసి పంపితే నా సెలూన్ పరువేం కావాలి?"

పిల్ల నవ్వలేదు. చెప్పుల వైపు చూస్తూ అసలు సంగతి చెప్పింది. "బళ్లో నన్ను మురికిమెడ అంటున్నారు."

ఆయన దువ్వెనతో జుట్టు పైకెత్తి చూశారు. మెడ వెనుక నల్లటి పట్టీ ఒకటి ఉంది. అంతకుముందు కూడా ఆయన కంటపడిందే. ఆటలో అంటిన మట్టి కాబోలనుకున్నారు. తన కుర్చీ దిగినవాడి మెడ మీద మచ్చయినా ఉండకూడదన్న పట్టుదల ఉన్న మనిషికి, సొంత మనవరాలి మెడ చిన్నతనంగా తోచింది. వేడినీళ్లలో తెల్ల తువ్వాలు ముంచి, సబ్బు రాసి తుడిచారు. నలుపు అలాగే ఉంది. తువ్వాలు చూసుకున్నారు. అదీ తెల్లగానే ఉంది.

మురికైతే తువ్వాలుకు అంటాలి కదా? అక్కడ మొదలైంది ఆయన ఆరా. పిల్లల మెడకు తాను చుట్టే నల్లగుడ్డ రంగు దిగుతోందేమోనని దాన్ని నీళ్లలో నానబెట్టి చూశారు. నీళ్లు తేటగానే ఉన్నాయి. పిల్లను వెలుతురులోకి తిప్పి చూస్తే, ఆ నలుపు ఉన్నమేర చర్మం కొంచెం మందంగా, మఖమలు గుడ్డలాగా తగిలింది. నలుపు చుట్టూ ఎర్రటి గీతలు కూడా కనిపించాయి.

ఆ గీతలు కూతురి చేతి చలవ. సాయంత్రం పిల్లను తీసుకువెళ్లడానికి వచ్చిన ఆమెను అడిగితే గయ్యిమంది.

"దానికి స్నానం చేయడం రాదు నాన్నా. రోజూ పీచుతో తోమి తోమి నా చేతులు పడిపోతున్నాయి."

"గిన్నెలు తోమినట్టు తోముతున్నావు. అది మెడ తల్లీ."

"అయితే మీరే వదిలించండి. ఊరందరి మెడలూ మీ చేతిలోనే ఉన్నాయిగా."

మరునాడు ఆయన పిల్లను వెంటబెట్టుకుని పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఏదో పూతమందు రాసిస్తే చాలుననుకున్నారు. ఆ డాక్టరమ్మ మెడ చూసింది, చంకలు చూసింది. బరువు, ఎత్తు చూసింది. తర్వాత టేపు తీసి నడుము కొలిచింది.

"మెడ చూపించడానికి వస్తే నడుము కొలుస్తున్నారేమిటండీ? గౌను కుట్టిస్తారా?" అన్నారాయన.

డాక్టరమ్మ నవ్వుతూనే పిల్ల చేతికి చిన్నపట్టీ చుట్టి బీపీ చూసింది. "ఇది మురికి కాదు తాతగారూ. ఎంత రుద్దినా పోదు. మనం తిన్నదాంట్లోని చక్కెరను ఒంటికి పట్టించడానికి ఇన్సులిన్ అని ఒకటుంటుంది. ఒళ్లు దాని మాట సరిగ్గా వినకపోతే, విననందుకు ఇంకా ఎక్కువ తయారవుతుంది. అది బాగా ఎక్కువైతే కొన్నిచోట్ల చర్మం ఇలా నల్లబడుతుంది. అందరికీ ఇదే కారణం కానక్కర్లేదు. అందుకే రక్తం చూడాలి."

"అంటే లోపలి సంగతి మెడ మీద కనిపిస్తోందంటారా?"

"కనిపించడమే మంచిదైంది. కొంతమంది పిల్లల్లో పైకి ఏమీ తెలియదు. బీపీ, కొవ్వు నెమ్మదిగా పెరుగుతూ చిన్నప్పటినుంచే రక్తనాళాలను పాడుచేస్తాయి. గుండె సంగతి ఎప్పుడో పెద్దయ్యాక బయటపడుతుంది." డాక్టరమ్మ పిల్ల వైపు తిరిగింది. "బడి నుంచి రాగానే ఏం తాగుతావమ్మా?"

పిల్ల మొహం వికసించింది. చెక్క, సీసా, పొట్టి స్ట్రా, వంచిన తల, అంతా ఉపాధ్యాయురాలిలాగా విడమరిచి చెప్పింది. "తాతయ్యే కనిపెట్టాడు. రోజూ నాకొకటి" అని గర్వంగా ముగించింది. తాతయ్య బరువు చూసే యంత్రాన్ని అదేపనిగా పరిశీలిస్తూ నిలబడ్డారు.

"ఒక్క సీసా వల్లే వచ్చిందనను. ఇంట్లో ఎవరికైనా షుగరుందా?" అంది డాక్టరమ్మ.

"వాళ్ల నాన్నమ్మకు ఉంది. నేనెప్పుడూ చూపించుకోలేదు" అన్నారాయన.

రక్తపరీక్ష ఫలితాలు వచ్చిన రోజు కూతురు కూడా వచ్చింది. షుగరు జబ్బు అనేంత లేదు గాని, చక్కెర ఉండవలసినదానికంటే ఎక్కువే ఉంది. కొవ్వూ ఎక్కువే. బీపీని ఒక్కసారి చూసి తేల్చకూడదు, మళ్లీ మళ్లీ చూడాలి. మందులు ఇప్పుడే వద్దు. తీపి పానీయాలు మానాలి, రోజూ చెమట పట్టేలా ఆడాలి, వేళకు నిద్రపోవాలి. "పిల్ల ఒక్కదానికే పెడితే శిక్ష అవుతుంది. ఇంటిల్లిపాదీ పాటించండి" అని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది.

బయటికి వచ్చాక కూతురు మెట్ల మీదే ఆగిపోయింది. "పాపం, తోలు ఊడేలా రుద్దాను నాన్నా."

"నువ్వు పైన రుద్దావు, నేను లోపల పోశాను. ఇద్దరం కలిసి దానికి సేవ చేశాం" అన్నారాయన.

మర్నాడే కూల్‌డ్రింకుల పెట్టె సెలూన్ నుంచి వెళ్లిపోయింది. ఆ వెంటనే వచ్చిన పిల్లవాడు మెడ దగ్గర ఎంత మెలికలు తిరిగాడంటే, చెవి దక్కడమే గొప్పయింది. "సీసా లేకపోతే వీణ్ణి ఇంతదూరం తేవడమెందుకండీ?" అని వాడి తండ్రి విసుక్కున్నాడు. బల్ల మీద కూర్చుని హోంవర్కు రాసుకుంటున్న మనవరాలు తలెత్తింది.

"పీల్చడమెందుకు తాతయ్యా, ఊదితే పోదా?"

గ్లాసులో మంచినీళ్లు పోసి పొట్టి స్ట్రా వేసింది. పిల్లవాడు ఊదాడు. బుడగలు లేచాయి. మరిన్ని బుడగల కోసం వాడు తల ఇంకా వంచాడు. నీళ్లు వాడి నిక్కరు మీద ఒలికాయన్నది వేరే సంగతి. మెడ మాత్రం ఏ గాటూ పడకుండా పూర్తయింది.

అప్పటినుంచి సాయంత్రాలు సెలూన్ కొంచెం ముందే మూతపడేది. తాతామనవరాళ్లు బడి మైదానంలో పట్టుకునే ఆట ఆడేవారు. ఆయన ఎప్పుడూ ఓడిపోయేవారు, అదీ నిజాయితీగానే. ఇంటికి వచ్చే బిస్కెట్ పొట్లాలను తల్లి మాన్పించింది. మొదటివారం ఇంట్లో అందరికంటే ఎక్కువ అలిగినవాడు పిల్ల తండ్రి.

కొన్ని నెలల తరువాత మళ్లీ రక్తం చూశారు. చక్కెర ఉండవలసినచోటికి దిగింది. బీపీ కూడా నిలకడగా బాగానే ఉంది. కొవ్వు తగ్గింది గాని ఇంకా తగ్గాలి. మెడ మీద నలుపు పలచబడిందేగాని పోలేదు.

"ఇది పోలేదేం డాక్టరుగారూ?" అంది తల్లి దిగులుగా.

"చర్మం నిదానంగా మారుతుంది. లోపల బాగుపడుతోంది, అది ముఖ్యం."

"ఉండనీ అమ్మా. మురికి కాదని క్లాసులో చెప్పేశాను" అంది పిల్ల. ఆమె కళ్లు అప్పటికే బల్ల మీది బీపీ యంత్రం మీద ఉన్నాయి. "డాక్టరాంటీ, ఇంటిల్లిపాదీ అన్నారు కదా. మరి తాతయ్యకు చూడరా?"

ఆయన ఏదో సాకు వెతుక్కునేలోగానే కూతురు ఆయన చొక్కా చేయి పైకి మడిచింది. డాక్టరమ్మ పెద్దపట్టీ చుట్టింది. అది బిగుస్తుంటే ఆయనకు సందేహాలు పుట్టుకొచ్చాయి: ఈ గాలి ఎందుకు, రెండు అంకెలు ఎందుకు, పై అంకె దేనిది, కింది అంకె దేనిది.

"మాట్లాడకు తాతయ్యా. మాట్లాడితే ఎక్కువ చూపిస్తుందట" అంది పిల్ల.

ఆయన నోరు మూసుకున్నారు. యంత్రం మీద అంకెలు దిగుతూ వచ్చి ఒకచోట ఆగాయి. వాటిని చూసి డాక్టరమ్మ పెదవి బిగించి, "కాసేపాగి ఇంకోసారి చూద్దాం" అంది. పిల్ల కుర్చీ దగ్గరికి జరుపుకుని, రెండోసారి ఎంత వస్తుందోనని తాతయ్య పక్కనే కూర్చుంది.