ఒట్టిపోయిన దేవుడు

బైబిలమ్మ పోయిందన్న కబురు నాకు వనపర్తి బస్టాండులో తెలిసింది. మా ఊరి మీదుగా తిరిగే బస్సు కండక్టరు నన్ను చూసి ఆగాడు. "మీ బైబిలమ్మ పొద్దుగాల పోయిందంట. సమాధులకాడ లొల్లి నడుస్తుంది. పెద్దమనుషులు గేటుకు తాళమేసిన్రంట. నువ్వు జర జల్ది పో" అన్నాడు. చావు కబురూ తాళం కబురూ ఒకే ఊపిరిలో చెప్పేశాడు. బిజినేపల్లి దాకా కిటికీ కడ్డీ పట్టుకుని కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఆ తాళాన్ని దేనితో పగలగొట్టాలా అని ఆలోచిస్తూ ఉన్నాను.

ఆమెను క్రైస్తవుల సమాధుల తోటలోకి రానివ్వకపోవడానికి కారణం ఒక మాట. యేసు దేవుడు కాడని ఆమె అన్నదని ఊరంతా చెప్పుకున్నారు. ఆమె ఏమన్నదో నాకు తెలుసు, అన్నప్పుడు పక్కనే ఉన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

మిషన్ వాళ్లు చదువు చెప్పి, ఊళ్లలో ఆడవాళ్లకు వాక్యం చెప్పడానికి పంపిన మనిషి ఆమె. ఉప్పునుంతల దిక్కు నుంచి చిన్న వయసులోనే విధవగా వచ్చిందట. మా వాడలో అక్షరం వచ్చిన ప్రతివాడికీ మొదట చేయి పట్టి దిద్దించింది ఆమెనే. తెల్ల నూలు చీర, దారంతో చెవికి కట్టుకున్న కళ్లద్దాలు, బొడ్లో నశ్యం డబ్బీ. నశ్యం మానమని మిషన్ దొరసాని ఒకసారి గట్టిగా చెప్పిందట. "యేసు సంగతి చెప్పు తల్లీ, వింట. నా ముక్కు సంగతి నీకెందుకు" అన్నదట ఈమె. ఏ ఇంటికి పోయినా ఆ ఇంటి ఆడమనిషి నేల మీద కూర్చుని ఉంటే తాను మంచం మీద కూర్చునేది కాదు. వాక్యం చదివి, పుస్తకం మూసి, అదే మాటను మళ్లీ వాడ భాషలో చెప్పేది. అలా వాడ భాషలో చెప్పిన ఒక మాటే ఆమెను చివరికి గేటు బయట పడుకోబెట్టింది.

నేను ఇంటరు తప్పి, సైకిలు షాపులో పంక్చర్లు వేస్తున్న రోజులు. కార్డు ముక్క రాసి పడేస్తే మద్రాసు నుంచి ఉచితంగా కరపత్రాలు వచ్చేవి. యేసు దేవుడే అని నిరూపించేవి కట్టలుగా చదివాను. ఒకసారి నాగర్‌కర్నూల్ టీ హోటల్లో ఎవరో నా చేతిలో వేరే రకం కరపత్రం పెట్టారు. యేసు దేవుడు కాడు, తాను దేవుణ్ణని ఎక్కడా చెప్పలేదు అని వచనాలతో సహా ఉంది అందులో. నాకు ఒళ్లు మండిపోయింది. సైకిలెక్కి నేరుగా ఆమె దగ్గరికి పోయాను. ఆమె చింతపండు గింజలు తీస్తోంది. కాగితం మొత్తం చదివి నాకు తిరిగి ఇచ్చింది.

"ఇందుల ఉన్నయన్నీ నిజమే" అన్నది.

"ఏంది నిజం?"

"ఆకలైందన్నది నిజమే. ఏడ్సిండన్నది నిజమే. తండ్రి నాకంటె పెద్దోడన్నడు, ఆఖరి దినం ఎప్పుడొస్తదో నాకు గూడ తెల్వదన్నడు. నన్నెందుకు మంచోడంటవు, దేవుడొక్కడే మంచోడు అన్నడు. అన్నీ రాసే ఉన్నయి గదరా."

"మరి నేను తండ్రిల ఉన్న, తండ్రి నాల ఉన్నడన్నది? తోమా నా దేవా అని మొక్కితే కాదనకపోయె, అది?"

"అది గూడ నిజమే."

"రెండెట్ల నిజమైతయి?"

"నువ్వు నీ తల్లికి కొడుకువు, నీ చెల్లెకు అన్నవు. ఇద్దరివా?"

"గట్ల తప్పిచ్చుకోకు."

ఆమె నవ్వింది. "ఔ, అది సండే స్కూలు పిల్లలకు చెప్పేది. నీకది సాలదు, కూసో" అని నా ముందుకు చింతపండు జరిపింది.

కరపత్రాల్లో నేర్చుకున్న జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. ఆకలి, దుఃఖం, చావు ఆయనలోని మనిషివి. తుఫాను ఆపడం, పాపాలు క్షమించడం ఆయనలోని దేవుడివి అన్నాను. గింజ తీస్తున్న ఆమె వేళ్లు ఆగాయి.

"అన్నదమ్ములు భూమి పంచుకున్నట్లు ఆయన్ని రెండు వాటాలు జేస్తివి గదరా. నన్నెందుకు ఇడిసిపెడితివి అని సిలువ మీద మనిషి వాటా మొత్తుకుంటుంటే, దేవుని వాటా పక్కకు కూసొని సూసిందా? ఆకలి నటన అయితే నా ఆకలి ఆయనకేం తెలుస్తది?"

"దేవుడు నిజంగనే సస్తే మరి లోకాన్ని నడిపిందెవరు?"

ఆమె బొడ్లోంచి డబ్బీ తీసింది. నశ్యం పీల్చి, చేయి తుడుచుకుని, "అది నాకు తెల్వదు" అన్నది. "నన్ను అడగొద్దని అంటలేను. నేను గూడ ఆయన్ను అదే అడుగుత. ప్రార్థన అంటె ఏమనుకున్నవు?"

అప్పుడే ఆమె పౌలు పత్రికలోని ఒక మాట చూపించింది. దేవుని రూపం ఉన్నవాడు తనను తాను రిక్తునిగా చేసుకున్నాడని ఉంటుంది. రిక్తుడంటే ఏందిరా అని అడిగింది. ఖాళీ అన్నాను. "ఖాళీ అంటె గాదె ఖాళీ అయితది, బస్సు ఖాళీ అయితది. అందులో నొప్పి లేదు. ఆడోళ్లకు చెప్పాల్నంటె నాకింక మాట దొరకలే" అన్నది. ఎన్నేళ్లుగా వెతికిందో మరి.

ఆ మాట దొరికింది కరువు ఏడాది. బావులు అడుగంటి, వాడలో మగవాళ్లు సగం మంది డ్యాముల పనికి పోయారు. మా సందులో ఒక బాలింత. భర్త డ్యాము పనిమీదే ఉన్నాడు. ఆమె ఒక పూట జొన్న గటక తాగి ఒక పూట పస్తు. పాలు రాలేదు. పిల్ల రొమ్ము చీకి చీకి అరిచి, అరుపు కూడా ఆగి, చచ్చిపోయింది. బైబిలమ్మతో పాటు నేనూ పోయాను. ఆ తల్లి గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడవడం లేదు. కూడిన ఆడవాళ్లు ఏడ్చీ ఏడ్చీ ఆమె మొహం చూసి మానేశారు.

"నేనే సంపిన" అన్నది. "బర్రె ఒట్టిపోతె కోతకు అమ్ముతరు. నేను ఒట్టిపోతిని."

బైబిలమ్మ పుస్తకం తెరవలేదు. నేల మీద ఆమెకు ఎదురుగా కూర్చుంది.

"దేవుడు గూడ నీ తీర్గనే ఒట్టిపోయిండు బిడ్డా" అన్నది. "ఉన్నదంత ఇచ్చిండు. ఇచ్చి ఇచ్చి ఒట్టిపోయిండు. సిలువ మీద దప్పికయితుందన్నడు, ఒక్క చుక్క లేదు. నువ్వెట్ల కూసున్నవో ఆయన గట్లనే ఉండె. నిన్ను ఒట్టిపోయినదన్నోళ్లు ఆయన్ని గూడ అనాలె."

ఆ తల్లి ఆమె ఒడిలో తలపెట్టి అప్పుడు ఏడ్చింది. పిల్ల పోయినప్పటి నుంచి అదే మొదటిసారి.

తిరిగి వచ్చే దారిలో నేను ఊరుకోలేదు. "దేవుణ్ణి పట్టుకొని ఒట్టిపోయిండంటవా? పాలింకిన గొడ్డును అనే మాట గదా" అన్నాను. "మిషనోళ్లు రిక్తుడు అంటే పండితులకు అర్థమయింది. నాకు పండితుల పరేషాన్ లేదు" అన్నది. బావిగట్టు దాటేదాకా వాదించాను. నా దగ్గర వచనాలు అయిపోయాయి, కోపం అయిపోలేదు.

మాట ఊరి మీద పడింది. ఊళ్లో పెద్దకులాల వాళ్లకు అది పండుగ. మా వాళ్లు కూలికి పోతే గట్టు మీద నుంచి, "ఏందిరా, మీ దేవుడు ఒట్టిపోయిండంట గదా, కోతకు ఎప్పుడు అమ్ముతరు" అని నవ్వారు. చర్చిలో కమిటీ కూర్చుంది. సంఘపెద్ద చెడ్డవాడని నేను రాయను, రాయాలని ఉన్నా రాయలేను. ఆయన ఆమె వైపు తిరిగాడు. "తరాలుగా మనల్ని గుడి గడప తొక్కనియ్యలె. మనకున్నది ఒక్క దేవుడు. ఆయన బలం చూసుకొని తలెత్తి నడుస్తున్నం. ఆయన్ని గూడ ఎండబెడితివి గదమ్మా" అన్నాడు. తర్వాత సూటిగా అడిగాడు. "యేసు దేవుడా, కాదా? ఒక్క మాట."

ఆమె లేచి నిలబడింది. "నేను ఆయన కాళ్లు పట్టుకున్నదాన్ని అయ్యా. కాళ్లు పట్టుకున్నోళ్లకు మొకం కనపడదు" అన్నది.

అది వాళ్లకు జవాబు కాలేదు. ఆమెను ప్రభువు బల్ల నుంచి, అందరూ రొట్టె ద్రాక్షరసం పంచుకునే ఆచారం నుంచి, తప్పించారు. ఆ తర్వాత కూడా ఆమె ఒక్క ఆదివారం మానలేదు. తన వరుసలో తన చోటే కూర్చునేది. రొట్టె పళ్లెం వచ్చేది, ఆమె పక్కామె ఆమె మీదుగా చేయి చాపి అందుకుని అవతలికి ఇచ్చేది. పళ్లెం దాటేటప్పుడు ఆమె కొంచెం వెనక్కి వంగేది, చేతికి అడ్డం రాకుండా. ఆ వంగడం చూడలేక నేను చర్చికి పోవడం మానేశాను. మానినందుకు కూడా ఆమెతో తిట్లు తిన్నాను.

నాగర్‌కర్నూల్ దవాఖానలో ఆమె కాళ్లు వాచి పడుకున్నప్పుడు చివరిసారి వాదించాను. కాదు, బతిమాలాను.

"యేసు దేవుడే అని ఒక్కసారి అను అమ్మా. బల్లకు రానిస్తరు."

"దేవుడే. కాదని ఎన్నడన్న?"

"మరి ఒట్టిపోయిండన్నది తప్పయిందను. సంఘపెద్దను పిలుచుకొస్త."

"దేవుడు గాకపోతే ఆ మాటల ఏమున్నదిరా? మనుషులు రోజూ ఒట్టిపోతరు. దేవుడు గూడ ఒట్టిపోయిండనే గదా." ఊపిరి అందక ఆగింది. "నేను తప్పంటె ఆ పాలు రాని తల్లి ఏమైతది? బైబిలమ్మ ఉత్తగనే అన్నదనుకుంటది. మల్ల గోడకు కూసుంటది. నాకు రొట్టెముక్క కోసం ఆ తల్లిని గోడకు కూసోబెట్టమంటవా?"

వాచిన ఆమె కాళ్ల మీదికి దుప్పటి జరిపాను.

వనపర్తి నుంచి నేను పోయేసరికి సమాధుల తోట గేటు ముందర పాడె నేల మీద ఉంది. ఎండ నెత్తిన ఉంది. ఎవరో తమ చీర చెంగు ఆమె మొహానికి నీడగా పట్టుకుని ఉన్నారు. సంఘపెద్ద తాళంచెవి చేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. నన్ను పక్కకు పిలిచాడు.

"దవాఖానల ఆఖరికి నువ్వే ఉన్నవు. తప్పయిందన్నదని ఒక్కసారి పదిమందిల అను. గేటు తీస్త. నాకు గూడ గదే కావాలె కొడుకా. నాకు అక్షరం నేర్పింది ఆమెనే."

"అనరా" అన్నది వెనక నుంచి మా అమ్మ. "సచ్చిన మనిషికి ఏం పోతది."

ఆడవాళ్ల మధ్య పిల్ల పోయిన ఆ తల్లి నిలబడి ఉంది. నా నోటి వంకే చూస్తోంది. తాళం పగలగొట్టాలని వచ్చినవాణ్ణి, తాళం తీయడం నా నోట్లోనే ఉందని అప్పుడు తెలిసింది.

"అనలేదు" అన్నాను, అందరికీ వినపడేలా. "యేసు దేవుడే అన్నది. ఆ దేవుడే ఒట్టిపోయిండన్నది. రెండిట్ల ఏదీ ఎనక్కు తీసుకోలే."

సంఘపెద్ద తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఆ తల్లే ముందుకు వచ్చి పాడె కర్ర పట్టుకుంది.

"మా చెల్కల పెడదం" అన్నది. "నా పిల్ల గూడ ఆడనే ఉంది. లేవండి."

ఆమె చెల్క ఊరవతల రాళ్లదిబ్బ పక్కన చిన్న మెట్టభూమి ముక్క. వాన చూడని నేల. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచాయి తప్ప మట్టి లేవలేదు. నా అరచేతులు పగిలాయి, ఇంకొకడు అందుకున్నాడు, వాడివీ పగిలాయి. మోకాలి లోతు కూడా రాలేదు. పొద్దు వాలుతోంది, ఆ ఎండకు శవం ఆగదు. అప్పుడు ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి వాడ దిక్కు పోయారు. అలిసి ఇళ్లకు పోతున్నారనుకున్నాను.

నెత్తిన బిందెలతో తిరిగి వచ్చారు. తెల్లవారకముందు నుంచి బోరింగు దగ్గర లైనులో నిలబడి పట్టుకున్న తాగే నీళ్లు. ఆ తల్లి ముందుగా వచ్చి, బిందె దించి, ఒక అరచేయి అడ్డం పెట్టి నీళ్లు చెదిరిపోకుండా, గొయ్యి నేల నానేలా మెల్లగా పోసింది. నేల బుసబుసమని పీల్చుకుంది. ఆమె పక్కకు జరిగితే ఇంకొకామె పోసింది. మేం గడ్డపారలు పట్టుకుని నిలబడి చూస్తున్నాం. నీళ్లు పడ్డచోట నేల నల్లబడుతూ పోయింది, ఒక మనిషి పడుకునేంత పొడవున. ఎండకు అంచులు అప్పుడే తెల్లబడుతుంటే, ఇంకొక బిందె వంచారు.