వెయిట్ లేని కుక్కర్

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే రకం నేను. ఇప్పటికీ నమ్మను. అయినా ఆ రోజు విన్నది ఎవరికైనా చెప్పకపోతే నాకు కడుపు ఉబ్బిపోతుంది.

తొంభైల మొదట్లో మేము మస్కట్‌లో, వాడి కబీర్ అనే పేటలో ఉండేవాళ్ళం. మా అత్తమ్మ జగిత్యాల నుంచి విజిట్ వీసా మీద వచ్చింది. ఈద్ సెలవుల్లో మా ఆయన మమ్మల్ని సూర్ దారిలో, సముద్రం పక్కనున్న పెద్ద గుంట దగ్గరికి క్యాంపింగ్‌కు తీసుకెళ్ళారు. చుక్క రాలి పడితే ఏర్పడిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. అడుగున పచ్చటి నీళ్ళు, చుట్టూ రాయి. కనుచూపు మేరలో ఒక్క ఇల్లు లేదు.

ఆ రోజు శనివారం, అత్తమ్మకు ఒక్కపొద్దు. పొద్దు గూకేలోపు అన్నం తినకపోతే ఇక మర్నాడే. బయటి తిండి ముట్టదు. పైగా షుగర్ మనిషి.

సామాను సర్దింది మా ఆయన. టెంటు, టార్చి, క్యారమ్ బోర్డు, దాని పౌడర్ డబ్బా కూడా మరిచిపోలేదు. కుక్కర్ మీద పెట్టే వెయిట్ మాత్రం ఇంట్లో వంటగట్టు మీద వదిలేశారు. అది తెలిసేసరికి బియ్యం, కందిపప్పు రెండు గిన్నెల్లో పెట్టి స్టవ్ ఎక్కించేశాను. ఆవిరంతా ఊరికే పోతోంది. స్టవ్‌లో కిరోసిన్ అడుగంటుతోంది. అత్తమ్మ చేతులు వణకడం చూసి నాకు భయం వేసింది. మా ఆయన ఒక గులకరాయి తెచ్చి వెయిట్ బదులు పెట్టబోయారు. పేలితే ఇక్కడ ఇంకో గుంట పడుతుందని కసిరాను.

అప్పుడు ఆ గుంటలోంచి కుక్కర్ కూత వినిపించింది. సుయ్యిమని, పొడుగ్గా. కాసేపటికి మళ్ళీ. తర్వాత ఇంకోటి. నా ముందున్న కుక్కర్ మాత్రం గమ్మున ఆవిరి వదులుతూనే ఉంది.

చాప మీద అటు తిరిగి పడుకున్న అత్తమ్మకు వెయిట్ సంగతి మేము చెప్పనే లేదు.

"మూడు ఇజిల్లు అయినయ్," అంది. "ఇగ దించు బిడ్డా."

స్టవ్ ఆర్పి దించాను. మూత తీస్తే అన్నం పువ్వులా విడింది, పప్పు గరిటె తగలగానే మెదిగిపోయింది. వెలుతురు ఉండగానే అత్తమ్మ కడుపునిండా తింది. ఉప్పు తక్కువైందని కూడా అంది. ఆ మాటతో నాకు ప్రాణం లేచి వచ్చింది.

మా ఆయన గుంట అంచు దాకా వెళ్ళి చూసొచ్చారు. కింద మనిషీ లేడు, పొయ్యీ లేదు. గాలి అయి ఉంటుందన్నారు. గాలికి పప్పు ఉడుకుతుందా అని అడిగితే క్యారమ్ బోర్డు తీశారు.

ఇంటికొచ్చి చూస్తే వెయిట్ గట్టు మీదే ఉంది. దాని చుట్టూ పప్పునీళ్ళు పొంగి, పసుపుపచ్చగా ఎండి అంటుకుని ఉన్నాయి.

"నువ్వు సక్కగ కడగలే," అన్నారు మా ఆయన.

ఆ గుంటలో కూసిందేమిటో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. పట్టకపోయినా ఫరవాలేదు. కానీ బయలుదేరే ముందు ఆ వెయిట్‌ను పీచుతో తోమి, కడిగి, తుడిచి పెట్టింది నేను. నా వంటింట్లో దయ్యం ఉందంటే ఒప్పుకుంటాను గానీ, తోమని సామాను ఉందంటే ఒప్పుకోను.